ముఖ్య అతిథి వచ్చేదాకా: భిలాయిలో రెండు వాలీబాల్ సాయంత్రాలు

భిలాయి నుంచి వచ్చాక పలకరించిన ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు, ఎవరు గెలిచారని. భిలాయి అమ్మాయిలు గెలిచారు. మా విశాఖ అమ్మాయిలు సెమీఫైనల్లో రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఆ సంగతి ఫోన్లో చూసుకున్నా తెలుస్తుంది. ఫోన్లో కనిపించనిది చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కోపం వచ్చి లేచిపోతున్నాను. ఇవాళ మాత్రం పూర్తి చేసే లేవాలనుకున్నాను.

నేను గాజువాకలో ఒక స్కూల్లో హిందీ టీచర్ని. చిన్నప్పుడు కూడా ఏ ఆటా ఆడినదాన్ని కాను. నిరుడు మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పట్టుబట్టి నన్ను ఆడవాళ్ళ వాలీబాల్ లీగు చూడ్డానికి లాక్కెళ్ళారు. ఇక పడిపోతుందనుకున్న బంతి కిందకి ఒక అమ్మాయి పొట్ట మీద పాకుతూ వెళ్ళి అరచెయ్యి పెట్టడం, బంతి బతికి మళ్ళీ పైకి లేవడం చూశాను. ఆ రోజుతో నా పని అయిపోయింది. ఈ సీజన్‌లో విశాఖలో జరిగిన మ్యాచ్ ఒక్కటి కూడా వదల్లేదు. అదే హాల్లో మగవాళ్ళ మ్యాచ్‌లు సాయంత్రం, ఆడవాళ్ళవి అన్నాల వేళ. మైకు పట్టుకున్న కుర్రాడు మగవాళ్ళని వాళ్ళ ఆట చెప్పి పరిచయం చేసేవాడు, ఆడపిల్లల్ని వాళ్ళ నవ్వు చెప్పి పరిచయం చేసేవాడు. ఇవన్నీ మింగుకుంటూనే చూశాను. సెమీఫైనల్ భిలాయిలో, ఆ ఊరి జట్టుతోనే, మూడింట్లో రెండు గెలిచినవాళ్ళు ఫైనల్‌కి అని తెలిశాక సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను.

రాయగడ దాటాక

పార్వతీపురం వెళ్ళాక కొండలు రైలుకి రెండు పక్కలా దగ్గరగా వస్తాయి. రాయగడలో నా ఎదుటి సీటులోకి ఒక పొడుగాటి ఆవిడ వచ్చి కూర్చుంది. పేరు గ్రేస్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వెళ్ళి అటే ఉండిపోయిన కుటుంబం. ఇప్పుడు రాయ్‌పూర్‌లో రైల్వే ఆఫీసులో పని చేస్తోంది. వాళ్ళింట్లో అమ్మ వైపు వాళ్ళు చర్చికి, నాన్న వైపు వాళ్ళు గుడికి వెళ్తారట. "పండగలు రెట్టింపు. అరిసెలు ఒకసారి, కేకులు ఒకసారి. వండేది మాత్రం నేనొక్కదాన్నే" అంది.

పెసర పునుకులు నా వైపు జరుపుతూ, ఎక్కడికని అడిగింది. భిలాయికి, వాలీబాల్ చూడ్డానికి అన్నాను.

"మీ అమ్మాయి ఆడుతోందాండి?"

"లేదు. మావాళ్ళెవరూ ఆడటం లేదు. చూడ్డానికే."

ఆవిడ తినడం ఆపి నన్ను చూసింది. "ఎవరూ లేకుండా, ఆడపిల్లల ఆటకి ఇంత దూరం వచ్చినవాళ్ళని నేను ఇప్పుడే చూస్తున్నానండి. ఆ మ్యాచ్‌లకే రెఫరీగా వెళ్తన్నాను నేను."

నాకు ఎంత సంతోషమేసిందో. అడగాల్సినవి అప్పుడే వరసగా గుర్తొచ్చాయి. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మీది విశాఖ జట్టు గదా. ఇంక మీతో ఆట మాట ఆడకూడదండి. డ్యూటీ ఎక్కినట్టే లెక్క." అన్నట్టుగానే రాయ్‌పూర్‌లో దిగేదాకా చింతపండు గురించి, కీళ్ళ నొప్పుల గురించి, ఒడిశా వైపు రైళ్ళ ఆలస్యం గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఒకప్పుడు తను కూడా రైల్వే జట్టుకి ఆడానని మాత్రం, సంచీ భుజానేసుకుంటూ, దిగే ముందు చెప్పింది.

స్మృతి నగర్

పవర్ హౌస్ స్టేషన్‌కి సత్యవతి పిన్ని వచ్చింది. మా అమ్మ పినతల్లి కూతురు. పెళ్ళయి భిలాయి వచ్చిన దగ్గర్నుంచీ సెక్టర్ 4లో ఉక్కు ప్లాంటు క్వార్టర్లోనే సంసారం చేసింది. బాబాయి ఆ ప్లాంటులోనే కోక్ ఓవెన్స్ విభాగంలో రిటైరయ్యాక స్మృతి నగర్‌లో సొంతిల్లు కట్టుకున్నారు. బాబాయి ఇప్పుడు పొద్దస్తమానం గులాబీలకి నీళ్ళు పోస్తూ, ఎవరైనా మాట్లాడిస్తే హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు.

"ఏటే రమణీ, బంతాట సూడ్డానికా వచ్చినావు?" అంది పిన్ని ఆటోలో. "నన్ను సూడ్డానికేమో అనుకుని నిన్నంతా ఇల్లు కడిగినాను."

మా ఉక్కునగరం కూడా ఇలాంటి ఊరే, అవే వెడల్పు రోడ్లు, అవే చెట్లు. కాని మా దగ్గర ప్రహరీ దాటితే తెలుగు. ఇక్కడ ఒకే వీధిలో బెంగాలీ, మలయాళీ, పంజాబీ, తెలుగు, వాళ్ళందరికీ కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు. పిన్ని బేరమాడటం చూడాలి. తెలుగులో తిట్టి, హిందీలో బతిమాలి, ఛత్తీస్‌గఢీలో కొనేస్తుంది. టమాటాలు మా గాజువాక ధరలో సగం. ఆ టమాటాలతోనే మంట మీద కాల్చి పచ్చడి నూరి, బియ్యప్పిండి అట్టు పోసింది. అట్టు అంటే ఒప్పుకోలేదు. "ఇది చీలా. మినపప్పు ఎయ్యరు దీంట్లో. అట్టనుకుని తింటే అట్టులా లేదంటావు."

తింటూ ఫోన్లో మా జట్టు ఫోటో చూపించాను. వరసలో చివర నిలబడ్డ అమ్మాయి హేమలత, మా సెట్టర్. అంటే ఎగిరి కొట్టేవాళ్ళకి బంతిని సరిగ్గా వాళ్ళ చేతికి అందే ఎత్తులో లేపి ఇచ్చే మనిషి. చప్పట్లు బంతి కొట్టినవాళ్ళకి పడతాయి, ఆట మాత్రం సెట్టర్ చేతుల్లో నడుస్తుంది. ఆ పిల్ల చేతులు చూడ్డానికే నేను సీజనంతా తిరిగాను.

పిన్ని అట్లకాడ పట్టుకునే ఫోన్ మీదకి వంగింది. "ఈ గుంట నందినిలో ఉండే అప్పారావు కూతురు కాదేటి? వాళ్ళమ్మ లక్ష్మిది మా ఊరే. అక్కడ గనుల్లో డంపర్ లారీ నడుపుతాడు ఆడు." పెనం వైపు తిరిగి, "భిలాయి పిల్ల భిలాయి మీద ఆడ్డమేటి?" అంది.

భిలాయి జట్టు తీసుకోలేదు, విశాఖ తీసుకుంది అన్నాను. పిన్నికి అది నచ్చలేదు. సాయంత్రం నేనూ వస్తానంది.

మొదటి సాయంత్రం

మ్యాచ్ అయిదింటికని టికెట్టు మీద అచ్చేశారు. మేం ముందే వెళ్ళి కూర్చున్నాం. హాలు మంచిది, నేల మీద నారింజ రంగు రబ్బరు మ్యాట్ పరిచారు. రెండు జట్ల అమ్మాయిలూ ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. పరుగులు, గెంతులు, తర్వాత వల దగ్గర బంతి కొట్టడం. హేమ నిలబడ్డ చోటు నుంచి కదలకుండా ఒక్కొక్కళ్ళకి ఒక్కో ఎత్తులో బంతి లేపుతోంది. ఎవరికెంత ఎత్తు కావాలో చూడకుండానే ఆ పిల్లకి తెలుసు. పిన్ని నోరు తెరుచుకుని చూస్తోంది.

అయిదైంది. విజిల్ బదులు మైకు మోగింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారు, దయచేసి వేచి ఉండండి అని. నీలం కోటు వేసుకున్న నిర్వాహకుడు ఒకాయన కోర్టులోకి వచ్చి బంతులన్నీ బుట్టలో వేయించాడు. అమ్మాయిల్ని రెండు వరసల్లో తలుపు దగ్గర నిలబెట్టాడు. ఎవరో పళ్ళేలు తెచ్చారు, పసుపు, కుంకుమ, అక్షింతలు, వెలిగించిన దీపం. అవి అమ్మాయిల చేతుల్లో పెట్టారు. అందరికంటే ముందు హేమ.

తలుపులు బార్లా తీసే ఉన్నాయి. మాఘమాసపు సాయంత్రం, భిలాయి చలి మన చలి కాదు. మేం శాలువాలు కప్పుకున్నాం. ఆ పిల్లలు పొట్టి చేతుల చొక్కాల్లో, చెమట ఆరిపోతూ, దీపం ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. హేమ ఒక కాలి పిక్కని ఇంకో కాలితో రుద్దుకుంటోంది. అయిదున్నర దాటింది. ఆరు దాటింది.

"ఈ గుంటలు ఆడ్డానికొచ్చేరా, మగపెళ్ళివారికి ఎదురెల్డానికొచ్చేరా?" అంది పిన్ని, చుట్టుపక్కల అందరికీ వినపడేలా.

ఆ మధ్యలో నాకు బాత్రూము అవసరం పడింది. ఆడవాళ్ళ బాత్రూముకి తాళం. అది అతిథుల కోసం శుభ్రం చేసి ఉంచారట, అతిథులు వచ్చాక తీస్తారట. వందల మంది ఆడవాళ్ళు వచ్చిన ఆటకి ఉన్న ఒక్క ఆడవాళ్ళ బాత్రూమూ ఇంకా రాని ఒక మగాయన కోసం తాళం వేసి పెట్టారు. హాలు వెనకున్న సెక్టర్ 4 క్వార్టర్లలోకి వెళ్ళి, సిగ్గు విడిచి ఒక తలుపు కొట్టాను. నెరిసిన జుట్టు బెంగాలీ ఆవిడ తీసింది. నా ముఖం చూసి ఏమీ అడక్కుండా లోపలికి దారి చూపించింది. బయటికొచ్చేసరికి టీ కప్పు పట్టుకుని ఉంది. మా వైపు ముక్కూ ముఖం తెలియనివాళ్ళని గుమ్మం దాటనివ్వడానికి ముందు ఊరు, పేరు, ఇంటిపేరు అన్నీ కావాలి. ఈవిడ నేను వెళ్ళేటప్పుడు అడిగింది, ఏ జట్టు తరఫున వచ్చారని. దత్తా బౌదీ అంటారట ఆవిడని. బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన.

ఆరున్నర దాటాక ముఖ్య అతిథి వచ్చాడు. బొట్లు, శాలువాలు, జ్యోతి వెలిగించడం, ఆపైన నారీశక్తి మీద ఉపన్యాసం. స్త్రీ ఈ దేశానికి వెన్నెముక అన్నాడాయన. వెన్నెముకలన్నీ వరసగా చలిలో నిలబడి విన్నాయి. ఉపన్యాసం అవగానే విజిల్ వేశారు, మళ్ళీ ఒళ్ళు వేడెక్కించుకోవడానికి అయిదు నిమిషాలు కూడా ఇవ్వలేదు. మొదటి సెట్టు సగంలో అతిథి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన కాసేపటికే హేమ ఒక బంతి కోసం గట్టిగా ఎగిరింది. బంతిని అందంగానే లేపింది. దిగడం మాత్రం ఒంటికాలి మీద దిగి, అక్కడే కూర్చుండిపోయింది. పిక్క పట్టుకుని, తల వంచుకుని. ఎవరూ తోసింది లేదు, తగిలింది లేదు. లోపల కండరం చిట్లింది.

ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. మైకులో, ఇలాంటివి ఆటలో సహజమే అన్నారు. మా జట్టు వరసగా మూడు సెట్లూ ఓడిపోయింది.

నేను నీలం కోటాయన దగ్గరికి వెళ్ళాను. చలిలో ఆటగాళ్ళని అంతసేపు ఎందుకు నిలబెట్టారని అడిగాను. "మేడమ్, గెస్టులు వస్తేనే స్పాన్సర్లు వస్తారు. లేకపోతే ఈ అమ్మాయిల ఆట ఎవరు చూస్తారు?" అన్నాడు. మేం చూస్తున్నాం గదా అన్నాను. ఆయన నా భుజం మీంచి వెనక ఎవరికో చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు.

గ్రేస్ ఆ రోజు రెండో రెఫరీ, అంటే వల పక్కన కింద నిలబడే మనిషి. గేటు దగ్గర కనిపిస్తే ఉన్న కోపమంతా ఆవిడ మీద చూపించాను. ఆవిడ మొత్తం వింది. "ఇవాళ ఆట మొదలుపెట్టడం నా చేతిలో లేదండి. ఎల్లుండి మొదటి రెఫరీ నేనే" అంది.

నందిని

మధ్యలో ఒక రోజు విరామం. పొద్దున్నే పిన్ని నన్ను ఆటోలో నందిని తీసుకెళ్ళింది. సున్నపురాయి గనులు అక్కడ. ఊళ్ళ మధ్యలోంచి లారీలు వెళ్తుంటే రోడ్డు పక్క ఆకులన్నీ పిండి జల్లినట్టు తెల్లగా ఉన్నాయి. గనుల కాలనీలో అప్పారావు గారి క్వార్టర్ ముందు మందారాలకి కూడా అదే పిండి.

హేమ మంచం మీద ఉంది. కాలి కింద రెండు దిళ్ళు, పిక్కకి కట్టు, దాని మీద ఐసు సంచీ. నన్ను చూసి లేవబోయింది. "దీదీ, విశాఖలో మీరు మూడో వరసలో కూర్చుంటారు గదా. పసుపు గొడుగు" అంది. సీజనంతా నేను ఆ పిల్లని చూశాననుకున్నాను. ఆ పిల్ల కూడా నన్ను చూసింది.

లక్ష్మి మాకు బోరే బాసీ పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న తినేది, పక్కన ఉల్లిపాయ, టమాటా పచ్చడి. మా చద్దన్నమే ఇది అన్నాను. "చద్దన్నమే. ఇక్కడోళ్ళు ఆళ్ళదంటారు, మనం మనదంటాం. తినేసేక ఎవరిదైతే ఏటి" అంది లక్ష్మి. నవ్వుతూనే అంది గాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఏం జరిగిందో హేమ చెప్పింది. ఇంట్లో తెలుగు, మైదానంలో హిందీ కలిసిపోయిన భాష. "వార్మప్ అయిపోయాక అలా నిలబెడితే కాళ్ళు ఠండీ అయి బిగుసుకుపోతాయి దీదీ. పిక్క పట్టేస్తన్నట్టు నాకు అక్కడే తెలిసింది. జాకెట్ ఏసుకుంటానని అడిగేను. వద్దన్నారు. జెర్సీ మీద కంపెనీ పేరు ఫోటోలో కనపడాలంట. నువ్వు లోకల్ అమ్మాయివి, నువ్వే ముందుండాలి అన్నారు. లోకల్ అని జట్టులోకి తీసుకోడానికి గుర్తు రాలేదు, పళ్ళెం పట్టుకోడానికి గుర్తొచ్చింది."

రేపటి మ్యాచ్‌కి జాతీయ శిక్షణ శిబిరం కోసం అమ్మాయిల్ని ఎంచే కోచ్ వస్తున్నాడట. హేమ ఏడాదంతా ఎదురు చూసింది ఆ ఒక్క మ్యాచ్ కోసం. డాక్టరు మూడు వారాలు నేల మీద కాలు గట్టిగా మోపొద్దన్నాడు. చలిలో నిలబడటం వల్లే ఇలా అయిందని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వడు. నాకు ఏ డాక్టరూ రాసివ్వక్కర్లేదు. నేను చూశాను.

అప్పారావు గారు అంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డారు. మెల్లగా ఫోన్ తీసి నాకు చూపించారు. పళ్ళెం పట్టుకుని వరస ముందు నిలబడ్డ హేమ.

"నానే తీసినానమ్మా. నా కూతురు అందరికన్నా ముందు నిల్చున్నాది గదాని. ఊళ్ళో వాళ్ళందరికీ పంపించేసినాను. ఆ పిల్ల కాళ్ళు వణుకుతున్నాయని సూసుకోలేదు." ఫోటో తీసెయ్యడానికి వేలు పెట్టారు.

"ఉండనీ నాన్నా" అంది హేమ మంచం మీంచి. "నువ్వు సంతోషంగా తీసేవు. తప్పు నీది కాదు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

సెక్టర్ 4

ఆ సాయంత్రం పిన్ని పాత వీధిలో భజన ఉంది. శనివారం శనివారం ఒక్కో ఇంటి వరండాలో కూర్చుంటారు. తెలుగు కీర్తన తర్వాత బెంగాలీ పాట, దాని తర్వాత ఛత్తీస్‌గఢీ పాట. పిన్ని ముందే వెళ్ళింది, వెనకగా బయల్దేరిన నేను ఆటో దిగడంలో పొరపాటు పడి వేరే సెక్టర్లో దిగిపోయాను. రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి. సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన ఒకరు షాపు వదిలి వచ్చి మలుపు దాకా చూపించి, "ఆంధ్రావాళ్ళ భజన్? అక్కడ ప్రసాదం బాగుంటుంది, బేగి వెళ్ళండి" అన్నాడు. తెలుగు ఎలా వచ్చని అడిగితే, వీధిలో అందరూ మీవాళ్ళే, రాకపోతే ఎలా అన్నాడు.

నేను వెళ్ళేసరికి భజన ఆగిపోయి ఉంది. పిన్ని నందిని సంగతంతా చెప్పేసింది. దత్తా బౌదీ కూడా అక్కడే ఉంది. ఆవిడా పిన్నీ పాతికేళ్ళు ఇరుగుపొరుగట. ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పైవాళ్ళకి అర్జీ రాద్దామని ఎవరో అన్నారు. రాసిన అర్జీలు ఏమవుతాయో ప్లాంటు కుటుంబాలకి తెలుసు, ఆ మాట అక్కడే పోయింది.

"రేపు మీరంతా రావాల. మంచి చీరలు కట్టుకుని రావాల" అంది పిన్ని. ఎందుకో చెప్పలేదు. ప్రసాదం నిజంగానే బాగుంది, శనగపప్పు, కొబ్బరి.

రెండో సాయంత్రం

పట్టుచీరల్లో ఇరవై మంది దాకా వచ్చారు. గుమ్మంలో కుర్రాళ్ళు వీళ్ళని అతిథుల తాలూకు అనుకుని ముందు వరసలో కూర్చోబెట్టారు. బాత్రూముకి తాళం మళ్ళీ ఉంది. హేమ ఊతకర్రతో వచ్చి జట్టు బెంచీ చివర కూర్చుంది. ఆ పిల్ల స్థానంలో ఆడాల్సిన మమత, మరీ చిన్న పిల్ల, పెదవి కొరుక్కుంటూ గోడకి బంతి కొడుతోంది.

అయిదైంది. మైకు మోగింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారు. నీలం కోటాయన వచ్చాడు, బంతులు బుట్టలోకి వెళ్ళాయి, పళ్ళేలు వచ్చాయి.

పిన్ని లేచి కోర్టులోకి నడిచింది. వెనకే దత్తా బౌదీ, ఆమె వెనక మిగతావాళ్ళు. నేనూ లేచాను. పిన్ని మా కెప్టెన్ చేతిలో పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది.

"ఇలాగియ్యమ్మా. బొట్టు మేం పెడతాం. పెట్టి పెట్టి అలవాటైన చేతులు మావి. మీరెల్లి ఆడుకోండి."

నీలం కోటాయన అడ్డం వచ్చాడు. ఇది ప్రోగ్రాం, ఆటగాళ్ళే స్వాగతం పలకాలి అన్నాడు. పిన్ని ఆయనతో హిందీలో ఎంత మెత్తగా మాట్లాడిందంటే నాకే ఆశ్చర్యమేసింది. "భయ్యా, ఇంటికి పెద్దమనిషి వస్తే చిన్నపిల్లల్ని ఎదురు పంపిస్తామా? పెద్దముత్తైదువులం మేం ఇంతమందిమి ఉన్నాం. అతిథికి గౌరవం ఎక్కువే అవుతుంది." ఇరవై పట్టుచీరల్ని కోర్టులోంచి నెట్టేయించడం కెమెరాల ముందు కుదిరే పని కాదు. ఒక్కొక్కరే పళ్ళేలు అందుకుని తలుపు దగ్గర వరసగా నిలబడ్డారు. చేతులు ఖాళీ అయిన అమ్మాయిలు ఎటు వెళ్ళాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

అప్పుడు విజిల్ వినిపించింది.

గ్రేస్ వల పక్క ఎత్తు పీట దగ్గర నిలబడి ఉంది. రెండు జట్ల కెప్టెన్లనీ చెయ్యి చూపించి టాస్‌కి పిలిచింది. నీలం కోటాయన పరుగున వెళ్ళాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"మేడమ్, గెస్టు రాలేదు ఇంకా."

"నా రూల్ బుక్‌లో గెస్టు అనే మాట లేదు సార్. రెండు జట్లు వచ్చాయి, బంతి ఉంది, టైమ్ అయింది."

"మీ మీద కంప్లయింట్ వెళ్తుంది."

"వెళ్ళనివ్వండి" అని ఆవిడ రూపాయి బిళ్ళ ఎగరేసింది.

హాలంతా ఒక్కసారి లేచింది. భిలాయి వాళ్ళు, నాలా విశాఖ తరఫున వచ్చిన నలుగురైదుగురు, అందరూ. చప్పట్లు ఆగలేదు. చెమట ఆరకముందే ఆట మొదలైంది.

మొదటి సెట్టు మేం పోగొట్టుకున్నాం. మమత లేపిన బంతులకి ఎత్తు చాల్లేదు. హేమ బెంచీ మీంచి అరుస్తూనే ఉంది, ఇంకా పైకి, ఇంకా పైకి అని. రెండో సెట్టుకి మమత కుదురుకుంది. ఆ సెట్టు మధ్యలో వచ్చాడు ఆ రోజు ముఖ్య అతిథి. తలుపు దగ్గర ఆడవాళ్ళు బొట్టు పెట్టారు, అక్షింతలు వేశారు, ఏ లోపమూ చెయ్యలేదు. ఆయన లోపలికి అడుగు వెయ్యబోతే పిన్ని పళ్ళెం అడ్డం పెట్టింది.

"ఆట నడుస్తోంది సాబ్. సెట్టు అయ్యాక వెళ్దురుగాని."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. గోడ మీద గడియారం చూసి, చేతి గడియారం చూసుకుని, ఆట మొదలైపోయిందా, నన్ను ఆరున్నరకి రమ్మన్నారే అన్నాడు. నేను ఆలస్యంగా రాలేదమ్మా, చెప్పిన టైముకంటే ముందే వచ్చాను అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆయన ట్రాఫిక్‌లో చిక్కుకోలేదు. దారిలోనూ లేడు. అతిథి వచ్చేసరికి కుర్చీలు నిండి ఉండాలని జనానికి అయిదింటికని చెప్పారు. అతిథి ఖాళీగా కూర్చోకూడదని ఆయనకి ఆరున్నరకని చెప్పారు. మధ్యలో ఆ గంటన్నర ఆడపిల్లల కాళ్ళతో నింపారు. మొదటి రోజు కూడా అంతే అయి ఉంటుంది. ముందే రాసి పెట్టుకున్న కార్యక్రమంలో భాగంగా హేమ కాలు పోయింది. నేను నీలం కోటాయన కోసం చూశాను. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు.

అతిథి సెట్టు అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఆ సెట్టు మేం గెలిచాం. తర్వాత భిలాయి, తర్వాత మళ్ళీ మేం. అయిదో సెట్టు చివరిదాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఆఖరి బంతి మమత లేపిందే, సరైన ఎత్తులోనే లేపింది. అవతలి అమ్మాయిలు ముగ్గురు ఒకేసారి ఎగిరి అడ్డుకున్నారు. ఓడిపోయాం. మమత మోకాళ్ళ మీద కూలబడితే హేమ ఊతకర్ర వదిలేసి, కుంటుకుంటూ కోర్టులోకి వెళ్ళి లేవదీసింది. భిలాయి అమ్మాయిలు వచ్చి హేమని ఎత్తుకున్నారు. చిన్నప్పట్నుంచీ కలిసి ఆడినవాళ్ళేనట అందులో సగం మంది.

బాగా ఆడిన ఆటలో ఓడిపోతే కోపం రాదు. ఆ రాత్రి అన్నం కడుపునిండా తిన్నాను.

తిరిగొచ్చాక

సెలవు అయిపోవడంతో, భిలాయిలోనే జరిగే ఫైనల్ చూడకుండానే మర్నాడు పొద్దున్న రైలెక్కాను. శిబిరానికి ఎంచుకున్నవాళ్ళ పేర్లు తర్వాత వచ్చాయి. హేమ పేరు లేదు. ఆడని మనిషిని ఎలా తీసుకుంటాం అన్నారట, అది న్యాయమే. ఆ పిల్ల ఎందుకు ఆడలేకపోయిందో మాత్రం ఎవరూ అడగలేదు. ఫోన్ చేస్తే, కాలు కొంచెం నయం, కూర్చుని చేతులకి ప్రాక్టీసు చేస్తున్నానంది. బంతి గోడకి తగులుతున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తూనే ఉంది. వచ్చే ఏడాది విశాఖ జట్టు తనని ఉంచుకుంటుందో లేదో ఇంకా చెప్పలేదట. నేను జట్టు యాజమాన్యానికి ఫోన్ చేశాను. చూస్తాం అన్నారు. మళ్ళీ చేస్తాను.

ఫైనల్‌కి కూడా మొదటి రెఫరీగా గ్రేస్ పేరే ఉండేది. ఫైనల్ రోజు పొద్దున్న తీసేశారు. ఆవిడకి ఒంట్లో బాగోలేదని మైకులో ప్రకటించారట. ఆవిడ ఆ వేళకి రాయ్‌పూర్‌లో తన ఆఫీసులో దివ్యంగా పని చేసుకుంటోంది. నేను బాధపడుతుంటే, "విజిల్ ఒక్కసారే ఊదేనండి. అందరికీ వినపడింది. చాలు" అంది.

ఫైనల్ సంగతి పిన్ని ఫోన్లో చెప్పింది. ఈసారి ఇంకా పెద్ద అతిథి. ఆడవాళ్ళ చేతికి పళ్ళేలు అందకుండా బల్ల మీద పెట్టి కాపలా పెట్టారట. అమ్మాయిలు పళ్ళేలు పట్టుకోబోమని తెగేసి చెప్పారట, రెండు జట్లూ. జాకెట్లు వేసుకుని కూర్చున్నారట. అయినా ఆట మాత్రం అతిథి వచ్చాకే మొదలుపెట్టారు.

"మరి మీరేం చేశారు పిన్నీ?"

"ఏటి సేస్తాం. ఆయన మైకు అందుకోగానే మేమంతా లేచి బైటికెల్లిపోయినాం. మా ఎనకాల జనమంతా వచ్చేసినారు. ఆడే పిల్లలు కూడా వచ్చేద్దురే గాని ఆళ్ళకి చలి తగలకూడదని మేమే వద్దన్నాం. బైట బండి కాడ గుప్‌చుప్ తిన్నాం, అదేలే, మీ పానీపూరీ. లోపల విజిల్ ఏసినాక మళ్ళీ అందరం ఎల్లి కూకున్నాం."

ఆయన ఏం మాట్లాడాడని అడిగాను.

"నాకేటి తెలుసు" అంది పిన్ని. "కుర్చీలున్నాయి గదా లోపల, ఆటిని అడగాల."